చెడ్డ ఏడాదికే మార్కులు

(పంట అమ్మకం, ధరల రిస్కు గురించి ఆన్‌లైన్ ఆటలతో పాఠం చెప్పడంపై వ్యవసాయ విద్యార్థులు, రైతు ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, మొదటి రెండు వరసలూ ఖాళీగానే ఉన్నాయి. మా క్లాసులోనూ ఇంతే, ముందు వరస అంటే అందరికీ భయం.

పరిచయం చేసిన సార్ నన్ను ‘ఆటలతో పాఠాలు చెప్పే మాస్టారు’ అన్నారు. మా అమ్మ ఈ మాట వింటే ‘జీతం ఇచ్చేది ఇందుకేనా’ అని అడుగుతుంది. అందుకే ముందుగా నేను చేసిన ఒక తప్పు చెప్పి మొదలుపెడతాను. ఈ ఆట మొదటిసారి క్లాసులో ఆడించినప్పుడు బహుమతి ఇవ్వకూడని పిల్లాడికి ఇచ్చాను. ఆ తప్పు నాకు అర్థం కావడానికి ఒక వారం పట్టింది.

ఆట ఏమిటో చెబుతాను. మీకు అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక పొలం ఇస్తాను. కంప్యూటర్‌లోనే లెండి, వీసా అక్కర్లేదు. మొక్కజొన్న 50,000 బుషెళ్లు పండుతుందని మీ అంచనా. మక్కలకు బుషెల్ అంటే 25 కిలోల 400 గ్రాములు. క్వింటాలుకు నాలుగు బుషెళ్లు అనుకుంటే లెక్క సులువు. సరుకుల ముందస్తు బేరాలు జరిగే షికాగో ఎక్స్ఛేంజీలో ఒక ఒప్పందం, అంటే ఒక కాంట్రాక్టు, 5,000 బుషెళ్లు, సుమారు 127 టన్నులు. మీ పంట మొత్తం పది కాంట్రాక్టులకు సమానం అన్నమాట. అక్కడ ఏప్రిల్ ఆఖరు నుంచి మే దాకా విత్తుతారు, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా కోస్తారు. అందుకని కొత్త పంట ధర అంటే అందరూ చూసేది డిసెంబరులో సరుకు ఇచ్చే ఒప్పందం, డిసెంబరు కాంట్రాక్టు ధర.

తెర మీద రెండు వారాలకోసారి ధర మారుతుంది. పక్కన వాన కబురు, ప్రభుత్వ పంట అంచనా వస్తాయి. మీ చేతిలో నాలుగు బటన్లు ఉంటాయి. ఊళ్లో ధాన్యం కొని నిల్వ చేసే ఎలివేటర్ వాళ్లకు ముందస్తు ఒప్పందం మీద అమ్మొచ్చు. ఎక్స్ఛేంజీలో ఫ్యూచర్స్ అమ్మొచ్చు, అంటే ముందు నెలల్లో ఇచ్చే సరుకుకు ఇవాళే ధర కట్టుకోవడం. కొంత ప్రీమియం కట్టి పుట్ ఆప్షన్ కొనుక్కోవచ్చు, అంటే ధర పడిపోయినా ఇంతకు తక్కువకు అమ్మాల్సిన పని లేదన్న హామీ. నాలుగోది ‘ఈ రెండు వారాలూ ఏమీ చేయను’. ఆ నాలుగో బటన్ నేను కావాలని పెట్టించాను. ఊరుకోవడం కూడా ఒక నిర్ణయమే కదా. దాన్ని వేలితో నొక్కి మరీ ఊరుకోవాలి.

ఇది నేను కనిపెట్టిన విద్య కాదు. అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయాల విస్తరణ విభాగాలవాళ్లు రైతులకు ఎప్పటినుంచో ఇలా నేర్పుతున్నారు. మిన్నెసోటా, అయోవా వైపు కమోడిటీ ఛాలెంజ్ అనే ఆన్‌లైన్ ఆట వాడతారు, నిజమైన మార్కెట్ ధరలతో ఆడుకోవచ్చు. నేను తీసుకున్నది ఆ పద్ధతి. ధరలు మాత్రం గడిచిపోయిన ఏళ్లవి పెట్టి, ఏ సంవత్సరమో చెప్పకుండా దాచాను.

మొదటి వారం నేను పెట్టిన ఏడాది 2012. పిల్లలకు తెలియదు. ఫిబ్రవరిలో డిసెంబరు కాంట్రాక్టు సగటు ధర బుషెల్‌కు 5 డాలర్ల 68 సెంట్లు. అక్కడి పంటల బీమాకు ఈ ఫిబ్రవరి సగటూ, మళ్లీ అక్టోబరు సగటూ కొలమానాలు. అందుకే నేను కూడా వాటినే పట్టుకుంటాను. మే నెలలో వాళ్ల ప్రభుత్వం ఎకరాకు 166 బుషెళ్లు వస్తుందని అంచనా వేసింది. జూన్ వచ్చింది, వాన లేదు. జూలై వచ్చింది, లేదు. చివరికి చేతికొచ్చింది ఎకరాకు సుమారు 123. ధర ఆగస్టుకల్లా ఎనిమిది డాలర్లు దాటింది.

మా క్లాసులో ఒక కుర్రాడు ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా నాలుగో బటనే నొక్కాడు. ఎనిమిది దాటగానే మొత్తం అమ్మేశాడు. బోర్డు మీద పేర్లు వరసగా పెడితే వాడిదే మొదటి పేరు. చప్పట్లు కొట్టించి, ఒక పెన్ను బహుమతిగా ఇచ్చాను. ఎలా గెలిచావురా అని అడిగితే, ‘ఓపిక సార్’ అన్నాడు. నేను కూడా తల ఊపాను. ఆ తల ఊపడమే నేను చేసిన తప్పు.

రెండో వారం 2013 పెట్టాను. ఫిబ్రవరి సగటు 5 డాలర్ల 65 సెంట్లు. కిందటేడాదికీ దీనికీ మూడు సెంట్లే తేడా. మన ఓపికమంతుడు మళ్లీ ఊరుకున్నాడు. మే పోయింది, జూన్ పోయింది, ధర జారుతోంది. ‘ఆగస్టులో చూడండి సార్’ అన్నాడు. ఆగస్టు కూడా పోయింది. అక్టోబరు సగటు 4 డాలర్ల 39 సెంట్లు. మూడో వారం 2014 ఆడారు. 4.62తో మొదలై అక్టోబరుకి 3.49. అప్పటికి వాడి పొలం బ్యాంకు చేతుల్లో ఉంది.

వాడికి బుద్ధి లేదనుకోకండి. వాడు నేర్చుకున్న పాఠం నేను నేర్పిందే. పెన్ను ఇచ్చి మరీ నేర్పాను.

ఇంకో సంగతి కూడా మీకు చెప్పాలి. 2013 నుంచి 2019 దాకా వరసగా ఏడేళ్లు ఆ అక్టోబరు సగటు ఫిబ్రవరి సగటు కన్నా తక్కువే. ఎందుకంటే వసంతకాలంలో ధరలో కొంత భయం కలిసి ఉంటుంది, వాన పడుతుందో లేదో అన్న భయం. వాన పడి పంట గట్టెక్కుతుందని తెలిసిన కొద్దీ ఆ భయం ధరలోంచి కారిపోతుంది. ఎప్పుడో ఒక ఏడాది 2012 లాగా ఆ భయం నిజమవుతుంది. రైతు మాత్రం ఆ ఒక్క ఏడాదినే జీవితాంతం గుర్తుపెట్టుకుంటాడు. మన ఊళ్లలో పత్తి ధర ఎగిరిన ఏడాదిని చెప్పుకున్నట్టే.

‘అయితే సార్, ఫిబ్రవరిలోనే మొత్తం అమ్మేస్తే సరిపోతుందిగా’ అని ఒకమ్మాయి అడిగింది. సరే అమ్మా, 2012లో మళ్లీ ఆడు అన్నాను. పది కాంట్రాక్టులూ 5.68కి అమ్మింది. ధర ఎనిమిదికి వెళ్లేసరికి కాంట్రాక్టుకు 11,600 డాలర్లు, పదింటికి లక్షా పదహారు వేల డాలర్లు మార్జిన్ కట్టమని, అంటే అమ్మిన ధర మీద పెరిగిన తేడాను జమ చేయమని, తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. పొలంలో పంట ధర కూడా అంతే పెరిగింది కదా, దాంతో సరిపోతుంది అనుకుంది. నిజమే, పంట ఉంటే సరిపోతుంది. ఆమె పంట కూడా దేశ సగటులాగే తగ్గిందనుకుంటే చేతికొచ్చేది 37,000 బుషెళ్లు. లేని 13,000 బుషెళ్లు అమ్మి కూర్చుంది. వాటి మీద పెరిగిన ధరకు ఎదురుగా పంట లేదు, ఆ నష్టం చేతి డబ్బులోంచే కట్టాలి.

ఫ్యూచర్స్, మార్జిన్, ధర రిస్కు తగ్గించుకునే హెడ్జింగ్ అన్న మాటలు నేను మూడు పీరియడ్లు బోర్డు మీద చెప్పాను. ఆ ఎర్ర అక్షరాలు చూసిన మూడు నిమిషాల్లో ఆ అమ్మాయికి ఎక్కినంతగా ఎవరికీ ఎక్కలేదు. కోత కోయకముందు ఎంత అమ్మొచ్చు అన్న ప్రశ్న ఆమె నోటి నుంచే వచ్చింది. బీమా ఎన్ని బుషెళ్లకు హామీ ఇస్తే అంతవరకే అమ్మాలి అని అక్కడివాళ్లు పాటించే లెక్కను ఆమె తనంతట తానే చెప్పింది. నాకు చెప్పే అవసరం రాలేదు.

(సభలోంచి: ‘ఇదంతా జూదం కాదా సార్?’)

ఈ ప్రశ్న ప్రతిచోటా వస్తుంది. రాకపోతే నాకే వెలితిగా ఉంటుంది. పెద్దాయనా, ఒక మాట చెప్పండి. మీ పొలంలో పంట ఉంది. ధర ఎంతో తెలియదు. నాలుగు నెలల తర్వాత ఎంతకైనా అమ్మడానికి సిద్ధపడి కూర్చున్నారు. పందెం కాసింది ఎవరు? ధర్మరాజును ధృతరాష్ట్రుడు పిలిస్తే వెళ్లి ఆడాడు, రానని అనే వీలైనా ఉంది. రైతు విత్తనం చల్లిన రోజే పాచికల ముందు కూర్చున్నాడు, లేవడానికి లేదు. తన పంట మేరకు ధర ముందే కట్టుకోవడం అంటే ఆ పందేన్ని తగ్గించుకోవడం. పది కాంట్రాక్టుల పంట ఉన్నవాడు పది దాకా అమ్మితే అది జాగ్రత్త, పంట దండిగా వస్తుందన్న నమ్మకం ఉంటే. పదకొండోది అమ్మితే అది జూదం, అందులో మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం.

మా ఆటలో పదకొండో కాంట్రాక్టు అమ్మినా కంప్యూటర్ అడ్డుపడదు. అడ్డుపడేలా చేయమని సాఫ్ట్‌వేర్ రాసిన కుర్రాడు చెప్పాడు, నేనే వద్దన్నాను. నిజం మార్కెట్లో ఎవరూ అడ్డుపడరు కాబట్టి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆటలో మార్కులు దేనికి వేస్తామో పిల్లలు అదే నేర్చుకుంటారు. మనం నోటితో చెప్పేది కాదు. ఆ షికాగో ఎక్స్ఛేంజీని నడిపే సీఎంఈ గ్రూప్ ఏటా విద్యార్థులకు ట్రేడింగ్ పోటీ పెడుతుంది. చివరికి ఖాతాలో ఎక్కువ డబ్బు ఎవరికుంటే వాళ్లు గెలిచినట్టు. ట్రేడర్ కావాలనుకునే పిల్లలకు అది మంచి సాధన, నేను తప్పు పట్టను. కానీ ఆ కొలతతో రైతు బిడ్డకు పంట అమ్మకం నేర్పితే, వాడు నేర్చుకునేది గెలిచేదాకా పెద్ద పందెం కాయడం. యాభై మంది ఆడితే వాళ్లలో ఒకడికి తగులుతుంది. వాడికి మనం కప్పు ఇస్తాం. మిగతా నలభై తొమ్మిది మంది వాణ్ణి చూసి నేర్చుకుంటారు.

అందుకని మార్కుల పద్ధతి మార్చాను. ఇప్పుడు ప్రతి జట్టూ మూడేళ్లు ఆడాలి, ఏ మూడేళ్లో తెలియదు. మూడింటిలో ఏ ఏడాది అన్నిటికన్నా ఘోరంగా వచ్చిందో ఆ ఏడాదికే మార్కులు. మిగతా రెండేళ్లలో మీరు కోటీశ్వరులైనా నాకు అనవసరం.

పిల్లలు గోల చేశారు. అన్యాయం సార్, మంచి ఏడాది లెక్కలోకి రాదా అన్నారు. రాదు అన్నాను. మరుసటి ఆటలోనే తేడా కనబడింది. మొత్తం పట్టుకుని కూర్చునేవాళ్లు తగ్గిపోయారు. వసంతంలో కొంత, జూన్‌లో కొంత, కోతల ముందు కొంత, ఇలా విడతలుగా అమ్మడం మొదలైంది. పుట్ ఆప్షన్ ప్రీమియం దండగ అన్నవాళ్లే దాని ధర ఎంత అని అడగసాగారు. పేరు బోర్డెక్కాలని ఆడినవాళ్లు, కింద పడకూడదని ఆడారు. కొందరు మరీ పిరికివాళ్లయిపోయారు, అది కూడా ఒప్పుకోవాలి. ధర తగ్గగానే ఉన్నదంతా అమ్మేసి చేతులు దులుపుకున్నారు. దానికి ఇంకా మందు దొరకలేదు నాకు.

ఇంకొక చిన్న మార్పు కూడా చేశాను. ఏ బటన్ నొక్కినా ముందు ‘ఎందుకు’ అన్న పెట్టెలో ఒక వాక్యం రాయాలి. రాయకపోతే బటన్ పని చేయదు. ఆట అయ్యాక వాటిని చదువుకుంటాం. ఆడటానికి గంటన్నర పడితే, చదువుకోవడానికి రెండు గంటలు పడుతుంది. ‘రవాణా ఖర్చు, నిల్వ ఖర్చు కలిపి లాభం లేదు కాబట్టి’ అని రాసినవాళ్లు ఒకరిద్దరు. ఎక్కువమంది రాసింది వేరు. ‘పక్క జట్టు అమ్మింది కాబట్టి.’ ‘విసుగొచ్చి.’ ‘నిన్న అమ్మి ఉండాల్సింది కాబట్టి ఇవాళ అమ్మను.’ ఒక అమ్మాయి, ‘మా నాన్నయితే ఈపాటికి అమ్మేసేవాడు’ అని రాసింది. అది చదివి క్లాసంతా నవ్వారు గానీ, ఆ అమ్మాయి నవ్వలేదు. వాళ్ల నాన్న ఎందుకు అమ్మేసేవాడో ఆ రోజు కాసేపు మాట్లాడుకున్నాం. దుకాణంవాడికి బాకీ.

ఆ బాకీ మాట నాకు మళ్లీ ఎదురైంది. ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘం వాళ్లకు ఇదే ఆట ఆడించాను. ముప్పై మంది దాకా ఉన్నారు, ఐదుగురికి ఒక ల్యాప్‌టాప్. అరగంట అయ్యాక ఒక పెద్దాయన కళ్లజోడు తీసి పక్కన పెట్టి, ‘సార్, ఈ అయోవా ఆసామికి అప్పులుండవా?’ అన్నాడు. ఉంటాయండీ అన్నాను. ‘మరి తెర మీద లేవేం? ఎప్పుడు కట్టాలో తెలియకుండా ఎప్పుడు అమ్మాలో ఎట్ల తెలుస్తది?’

నాకు నోట మాట రాలేదు. ఇంటికొచ్చాక ఆట మొత్తం తిరగరాయించాను.

ఇప్పుడు మీరు ఆడబోయేది ఆ రెండో ఆట. పొలం ఇక్కడిదే. మక్కలు 100 క్వింటాళ్లు. తెర మీద ధరతో పాటు బాకీ ఉంటుంది, ఎవరికి, ఎంత వడ్డీకి, ఏ తేదీకి అన్నది కూడా. తేమ ఉంటుంది. హమాలీ, తరుగు, కమీషన్ పోను తక్‌పట్టీ అనే అమ్మకం చీటీ మీద చివరికి మిగిలేది ఎంతో కనబడుతుంది. యార్డు బోర్డు మీద రాసిన ధర కాదు, ఆ చివరి అంకె చూడటం అలవాటు కావాలి. కొన్నాళ్లు గోదాములో పెడదామంటే పెట్టుకోవచ్చు, కానీ దాని లెక్క మీరే వేయాలి.

ఒక లెక్క ఇప్పుడే వేద్దాం. ఫోన్లలో కాలిక్యులేటర్ తీయండి. ధర క్వింటాలుకు 2,000 అనుకుందాం. నాలుగు నెలలు ఆపుతారు. నూటికి రెండు రూపాయల వడ్డీ బాకీ ఉందనుకోండి, నెలకు 40, నాలుగు నెలలకు 160. గోదాము కిరాయి ఓ 30 అనుకోండి. ఎండి, పురుగు పట్టి నూటికి రెండు కిలోలు తగ్గిందనుకుంటే 40. మొత్తం 230. అంటే నాలుగు నెలల తర్వాత ధర సుమారు 2,230 దాటితేనే ఆపినందుకు ఒక్క రూపాయైనా మిగిలేది. ధర 150 పెరిగిందని సంబరపడితే, నిజానికి దాదాపు 80 పోగొట్టుకున్నట్టు. అదే గుర్తింపు ఉన్న గోదాములో పెట్టి, ఆ రసీదు మీద బ్యాంకులో తక్కువ వడ్డీకి అప్పు తీసుకుని దుకాణం బాకీ తీర్చేస్తే వడ్డీ 160 నుంచి సగానికి సగం తగ్గుతుంది. 2007లో వచ్చిన గోదాముల చట్టం ఆ రసీదుకు బలం ఇచ్చింది. రసీదు ఇప్పుడు ఎలక్ట్రానిక్ రూపంలోనే ఇస్తున్నారు. ఆటలో ఆ బటన్ కూడా ఉంది. మొదటిసారి ఆడేవాళ్లలో దాన్ని నొక్కేవాళ్లు తక్కువ.

అయోవా ఆటలో లేనిది ఒకటి మనకుంది, కనీస మద్దతు ధర. మక్కలకు 2024-25లో క్వింటాలు 2,225, 2025-26కి 2,400. ఆలోచించి చూస్తే ఇది రైతు చేతిలో ప్రీమియం కట్టక్కర్లేని పుట్ ఆప్షన్. కాకపోతే కొనుగోలు కేంద్రం తెరవాలి, తేమ సరిపోవాలి, సంచులు దొరకాలి, కాంటా కావాలి. అందుకే ఆటలో కొన్నిసార్లు కేంద్రం మూడు వారాలు ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఎప్పుడన్నది ముందు చెప్పను. మొదట్లో ఇది పెట్టినప్పుడు ఒకాయన ‘ఇది మాత్రం అచ్చం మా ఊరే’ అన్నాడు.

మన ఆటలో ఫ్యూచర్స్ బటన్ ఎందుకు లేదని విద్యార్థులు అడుగుతారు. కొన్ని పంటలకు పెట్టొచ్చు. పసుపు ఫ్యూచర్స్ కాంట్రాక్టుకు సరుకు అప్పగించే డెలివరీ కేంద్రం నిజామాబాద్, ఆ ధర మీరు ఫోన్‌లోనే చూసుకోవచ్చు. కానీ 2021 డిసెంబరులో మన మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఏడు సరుకుల్లో ఈ వ్యాపారాన్ని ఆపేసింది. బాస్మతి కాని వడ్లు, శనగలు, పెసలు, సోయా అందులో ఉన్నాయి. ఒక ఏడాదికని ఆపి, పొడిగిస్తూ వచ్చారు. లేని బటన్‌ను ఆటలో పెట్టి రైతుకు ఆశ చూపించడం నాకు ఇష్టం లేదు. విద్యార్థులైతే అయోవా ఆట కూడా ఆడండి, పద్ధతి తెలుస్తుంది.

ఆటలో భయం ఉండదు కదా, అది నిజం డబ్బు కాదు కదా అని కొందరంటారు. నిజమే. ఒంటరిగా ఆడితే వీడియో గేమ్‌లాగే ఆడతారు. అందుకే ఒక్కరికే లాగిన్ ఇవ్వను. భార్యాభర్తలు వస్తే ఇద్దరికీ కలిపి ఒకటి, సంఘం వాళ్లు వస్తే ఐదుగురు డైరెక్టర్లకు కలిపి ఒకటి. ఐదుగురూ ఒప్పుకుంటేనే అమ్మకం. అప్పుడు చూడాలి టెన్షన్! డబ్బు నకిలీదే గానీ, ‘నేను ఆ రోజే చెప్పాను’ అన్న మాట మాత్రం అసలైనది. సంఘం వాళ్లకు ఇది మరీ అవసరం. మూడు వందల మంది సభ్యుల పంట పోగేసి అమ్మాక, మర్నాడు ధర పెరిగితే డైరెక్టర్ల మీద పడే మాట మామూలుది కాదు. ఒక సంఘం వాళ్లు ఆట అయ్యాక తమ అమ్మకం ప్రణాళికను తీర్మానం పుస్తకంలో రాసుకుని అందరి చేతా సంతకాలు పెట్టించారు. ఇంత ధర వస్తే ఇంత, ఈ తేదీ దాటితే ఇంత అని. ఆట వాళ్లకు అంత దూరం తీసుకెళ్తుందని నేను కూడా అనుకోలేదు.

(సభలోంచి: ‘ఆ ఓపిక కుర్రాడు ఇప్పుడేం చేస్తున్నాడు సార్?’)

వాడా! బ్యాంకులో ఉద్యోగం, వ్యవసాయ రుణాల విభాగం. కిందటిసారి ఫోన్ చేసినప్పుడు, గోదాము రసీదు మీద అప్పుకు ఎవరూ రావడం లేదని ఫిర్యాదు చేశాడు. ఇక్కడికి పిలిచాను గానీ, నెలాఖరు పని అన్నాడు. పెన్ను మాత్రం ఇంకా ఉందట.

సరే, చాలాసేపు మాట్లాడాను. వైఫై పాస్‌వర్డ్ బోర్డు మీద రాసి ఉంది. ఐదుగురికి ఒక ఫోన్ చాలు, మిగతావి జేబుల్లో పెట్టేయండి. మొదటి తెర వచ్చిందా? వెనక వాళ్లకు వచ్చిందా? ఏడాది ఏదో చెప్పను. మక్కలు వంద క్వింటాళ్లు, తేమ పదిహేడు శాతం, దుకాణం బాకీ లక్షా పది వేలు, ఉగాది లోపు కట్టాలి. కొనుగోలు కేంద్రం ఇంకా తెరవలేదు. ఆ కిటికీ పక్కన కూర్చున్న అక్కా, మీ జట్టుతో మొదలుపెడదాం. ‘ఎందుకు’ పెట్టె నింపాకే బటన్.